మారిసెల్ వాళ్ళ అట్టపెట్టె

సాల్మియా,
29 ఆగస్టు 2025, శుక్రవారం

ప్రియమైన అక్కకి,

కెజియా వందనాలు. నేనూ మీ మరిదిగారూ దేవుని దయవల్ల కులాసాగానే ఉన్నాం. ఎండ సంగతి రాయను, చదువుతుంటే నీకు చెమట పడుతుంది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ కాలంలో ఉత్తరాలేంటే అనకు. నీ ఫోన్ నీ చేతిలో ఎప్పుడుంది కనుక? నువ్వు అంగన్‌వాడీకి వెళ్తే అది ఇంట్లోనే పడుంటుంది. నిస్సీయే ఎత్తుతుంది, నిస్సీయే స్పీకర్ పెడుతుంది, మెసేజ్ వస్తే నిస్సీయే నీకు చదివి వినిపిస్తుంది. దాని సంగతి దానికి తెలియకుండా నీతో మాట్లాడాలంటే ఈ కాగితం తప్ప నాకు దారి లేదు. మా శుక్రవారం ఆరాధనకి వచ్చే జాన్‌బాబుగారు ఎల్లుండి సెలవు మీద ఊరు వస్తున్నారు. రాజోలు వచ్చి నీ చేతికే ఇమ్మన్నాను. చదివి బియ్యం డబ్బాలో దాచు.

మా ఫ్లాట్లో రెండో గదిలోకి ఈ ఏడాది మొదట్లో ఫిలిప్పీన్స్ వాళ్ళు వచ్చారని చెప్పాను కదా. ఆమె పేరు మారిసెల్, పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటు. ఆయన రొడెల్, రెస్టారెంట్లో కుక్కు. హాలూ వంటిల్లూ ఇద్దరికీ ఉమ్మడి. మంచివాళ్ళు. ఎండు చేపలు వేయించేటప్పుడు వాసన బయటికి పోకుండా తలుపు కింద తడిగుడ్డ పెట్టేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. మారిసెల్ కూడా పెడుతుంది. ఇప్పుడు ఇద్దరం ఒకేరోజు వేయించి ఒకటే గుడ్డ పెడుతున్నాం. నన్ను 'ఆతె' అంటుంది, వాళ్ళ భాషలో అక్క అని అర్థమట.

జూన్‌లో వాళ్ళ పిల్ల వచ్చింది. ఆల్తియా. తొమ్మిదేళ్ళు, సరిగ్గా మన నిస్సీ ఈడు. ఇన్నాళ్ళూ అక్కడ అమ్మమ్మ పెంచింది. వచ్చిన కొత్తలో అన్నం ప్లేటు పట్టుకుని హాల్లో తలుపుకి ఎదురుగా కూర్చునేది. ఇప్పుడు ఫర్వాలేదు. శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ సముద్రం ఒడ్డుకి వెళ్తారు, కాళ్ళనిండా ఇసుకతో వస్తారు. మారిసెల్ ఆ పిల్లని ముందు కూర్చోబెట్టుకుని జడలు వేస్తుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. అక్కా, నేను నిస్సీకి జడ వేసి రెండేళ్ళయింది. కిందటి సెలవులో వేస్తే, "మమ్మీ, దొడ్డమ్మ ఇలా వెయ్యదు" అని విప్పేసుకుంది.

అసలు సంగతికి వస్తాను. వాళ్ళు వెళ్ళిపోతున్నారు. రొడెల్ పనిచేసే రెస్టారెంట్ ఈ నెలలో మూసేశారు. పోయిన వారం హాల్లోకి పెద్ద అట్టపెట్టె వచ్చింది. నా నడుము దాకా ఉంది. రోజూ అందులో ఏదో ఒకటి సర్దుతున్నారు. సబ్బులు, తువ్వాళ్ళు, మాంసం డబ్బాలు, కాఫీ సీసాలు, ఆయన బూట్లు కూడా. పాపం, పిల్ల వచ్చి మూడు నెలలు కాలేదు. నేనేమీ అడగలేదు. ఎప్పుడు వెళ్తారు అని అడిగితే ఎప్పుడు పోతారు అన్నట్టుంటుంది కదా.

వాళ్ళ గది మనకి వస్తే నిస్సీని తెచ్చుకుంటాను. నా జీతం పెరిగింది, ఫ్యామిలీ వీసాకి వీలవుతుందని ఆఫీసులో చెప్పారు. నువ్వు స్కూల్లో టీసీ సంగతి కనుక్కో. దానికి మాత్రం ఇప్పుడే చెప్పకు.

నీ చెల్లెలు
కెజియా


రాజోలు,
14 సెప్టెంబరు, ఆదివారం

కెజియాకి,

మీ అక్క మార్త దీవెనలు. జాన్‌బాబుగారు ఉత్తరమూ, నువ్వు పంపిన పాలపొడి డబ్బా ఇచ్చి, టీ తాగి వెళ్ళారు. ఈ ఉత్తరం అక్కడ ఇళ్ళల్లో పనిచేసే రమణమ్మగారికి ఇస్తున్నాను. ఆవిడ వాళ్ళ మామా దగ్గరికి, అంటే ఆ యజమానురాలి దగ్గరికి, బుధవారం తిరిగి వెళ్ళిపోతోందట.

టీసీ ఏమన్నా పెరట్లో కరివేపాకా, అడగ్గానే రెబ్బ తుంచి ఇవ్వడానికి? ఇది నాలుగో తరగతి. అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గరకొచ్చాయి. బైబిల్ వాక్యాల పోటీలో పేరిచ్చింది. పై పన్ను ఒకటి ఊడింది, రెండోది కదులుతోంది. ఆ పన్ను నేనే చూసుకోవాలి, ఎవరినీ ముట్టుకోనివ్వదు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాకు ఒకటి అర్థం కాలేదు. వాళ్ళు ముగ్గురూ ఒక గదిలో ఉంటున్నారని నువ్వే రాశావు. మరి మీ గదిలో మీరు ముగ్గురు ఎందుకు ఉండలేరు? ఆరేళ్ళ నుంచీ గది లేదు, గది లేదు అంటున్నావు. నేను నిజంగానే గది లేదనుకున్నాను. పైగా వాళ్ళు వెళ్ళిపోతున్నారని ఎవరు చెప్పారు నీకు? పెట్టె చెప్పిందా? నువ్వు అడగవు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆకలేస్తే అన్నం పెట్టు అనకుండా గిన్నెలు చప్పుడు చేసేదానివి. అమ్మ పోయిన ఏడాదంతా ఆ గిన్నెల చప్పుడుతోనే నీకు ఆకలేస్తోందని తెలుసుకునేదాన్ని.

ఇంకొకటి. ఆ ఫిలిప్పీన్స్ పిల్లని అమ్మమ్మ పెంచిందన్నావు. ఆ ముసలామె ఏమంటోంది? ఆమె సంగతి ఒక్క ముక్క రాయలేదు.

మా అంగన్‌వాడీలో ఇప్పుడు పిల్లల ముఖాలు గవర్నమెంటు ఇచ్చిన ఫోన్లో ఫొటో తీస్తేగానీ గుడ్లు ఇవ్వకూడదట. ఏడ్చే పిల్లల ముఖం ఫోన్ గుర్తుపట్టదు. గుడ్డు ఇవ్వనిదే ఏడుపు మానరు. నా ఉద్యోగం ఇలా ఉంది.

నీ పిల్ల, నీ ఇష్టం. నేను కాదనను.

మార్త


సాల్మియా,
26 సెప్టెంబరు, శుక్రవారం

ప్రియమైన అక్కకి,

ఉత్తరం అందింది. 'నీ పిల్ల, నీ ఇష్టం' అని రాశావు. నువ్వు అలా అంటే కోపం వచ్చిందని నాకు తెలుసు. ఇంటర్లో నేను నర్సింగుకి వెళ్తానన్నప్పుడూ ఇదే మాట అన్నావు, తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

గది సంగతి అడిగావు. మీ మరిదిగారికి బేకరీలో రాత్రి డ్యూటీ. పగలు పడుకోవాలి. పిల్ల అదే గదిలో ఉంటే ఆయన నిద్రపోయేదెలా? అందుకే అన్నాను గది లేదని. వాళ్ళు సర్దుకుంటారు, అందరికీ కుదురుతుందా?

వాళ్ళు వెళ్ళిపోవడం మాత్రం ఖాయం. ఇంకా నువ్వు నమ్మనంటే విను. సెప్టెంబరు మొదటి వారంలోనే హాలు కిటికీకి క్రిస్మస్ స్టారు కట్టి లైట్లు పెట్టారు. సెప్టెంబరులో క్రిస్మస్ ఏమిటని మేమిద్దరం నవ్వుకున్నాం. తర్వాత అర్థమైంది. డిసెంబరుకి ఇక్కడ ఉండరు కదా, పిల్ల సరదా తీరాలని ముందే కట్టేశారు. పెట్టె దాదాపు నిండింది. మూత మూయడానికి ఆల్తియాని పైన కూర్చోబెడుతున్నారు, అది దిగగానే మళ్ళీ మూత లేస్తోంది.

పోయిన శుక్రవారం ముగ్గురినీ భోజనానికి పిలిచాను. చికెన్ బిర్యానీ, గోంగూర, ఎండు రొయ్యలు వేసి వంకాయ. గోంగూర చూసి రొడెల్ తమ ఊరి పులుసు గుర్తొచ్చిందని మూడుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాక మా గుర్తుగా ఉంచుకోమని నువ్వు పంపిన నేత దుప్పటి మారిసెల్‌కి ఇచ్చాను. కోప్పడకు, నాకు రెండున్నాయి. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈ దేశం వచ్చాక మమ్మల్ని ఇలా ఎవరూ పిలవలేదు ఆతె" అంది. వెళ్ళిపోయేముందు ఎవరికైనా అలాగే ఉంటుంది. ఆ దుప్పటి తీసుకెళ్ళి నా కళ్ళముందే పెట్టెలో పెట్టేసింది. ఇంకేం కావాలి చెప్పు.

అందుకే ఆలస్యం చేయకుండా హారిస్‌తో మాట్లాడాను. హారిస్ అంటే బిల్డింగ్ చూసుకునే ఈజిప్టు ఆయన, గదులు ఎవరికివ్వాలో ఆయన చేతిలోనే ఉంటుంది. వాళ్ళ గది ఖాళీ కాగానే మాకే ఇవ్వాలన్నాను. మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదన్నాడు. నిస్సీకి చిన్న మంచం కూడా చూసి పెట్టాను. గులాబి రంగు దానికిష్టమే కదా? ఆ సంగతి నాకు సరిగ్గా తెలియదు, రాయి.

టీసీ ఇక తీసేసుకో. నిస్సీకి కూడా చెప్పెయ్. నువ్వు చెబితే వింటుంది.

ఆ అమ్మమ్మ సంగతి నేను అడగలేదు. అడుగుతాను.

కెజియా


రాజోలు,
7 అక్టోబరు, మంగళవారం

కెజియాకి,

దీవెనలు. నీ ఉత్తరం అందిన మర్నాడే స్కూలుకి వెళ్ళాను. హెడ్మాస్టరు వెంకటసత్యనారాయణగారు నన్ను కూర్చోబెట్టి, "ఇప్పుడెందుకండీ మార్తమ్మగారూ టీసీ? పిల్ల బాగా సదువుతుంది కదండీ. సంవత్సరం పూర్తయ్యేదాకా ఉంచితే పోయేది కదండీ, ఆయ్" అన్నాడు. వాళ్ళమ్మ రమ్మంటోందని చెప్పాను. టీసీ తీసుకున్నాను. పెట్టెలో భద్రంగా ఉంది.

నిస్సీకి చెప్పాను. అన్నం తింటోంది. ముద్ద నోట్లో పెట్టుకుని, "నువ్వు కూడా వత్తావా దొడ్డమ్మా?" అంది. నాకు అంగన్‌వాడీ ఉంది కదే అన్నాను. "మరి నీ ఫోన్ ఎవరు చూత్తారు?" అంది. పక్కింటి బుడేన్‌బీ కూతురు చూస్తుందిలే అన్నాను. ఆ మాట నచ్చలేదు దానికి. ఆ పూట అన్నం సగంలో వదిలేసింది.

దానికి గులాబి రంగు ఇష్టం లేదు. మూడో తరగతి దాకా ఉండేది. ఇప్పుడు ఆకుపచ్చ.

నాకు కోపం వచ్చిందని రాశావు. కోపం కాదు కెజియా. ఉన్నమాట రాస్తున్నాను, భయం. పొద్దున లేచి దాని జడ వేయకుండా నేను బయటికి వెళ్ళిన రోజు ఆరేళ్ళలో లేదు. నిన్ను అక్కడికి పంపినప్పుడు నాకు ముప్పై ఆరు. అప్పుడు తట్టుకున్నాను. ఇప్పుడు తట్టుకుంటానో లేదో తెలియదు. ఇది నిన్ను ఆపడానికి రాయడం లేదు. చెప్పకపోతే నేనూ గిన్నెలు చప్పుడు చేసినట్టే అవుతుంది కనుక రాశాను.

నిమ్మకాయ పచ్చడి పెట్టాను, ఎండలో ఉంది. నిస్సీతో పంపుతాను. అది ఎలా ప్రయాణం చేయాలి, ఎవరు తోడొస్తారు, అవన్నీ మరిదిగారిని కనుక్కోమను.

ఆ ముసలామె సంగతి అడుగుతానన్నావు. అడిగావా?

మార్త


సాల్మియా,
17 అక్టోబరు, శుక్రవారం

అక్కా,

వందనాలు. ఈ ఉత్తరం చదివి నన్ను ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టు. మొన్న ఫోన్లోనే చెబుదామని చేశాను. టీసీ అని నోరు విప్పానో లేదో నిస్సీ అందుకుని, "మమ్మీ, నా మంచం కిటికీ పక్కనేనా?" అంది. ఫోన్ పెట్టేశాను. భీమరాజుగారు రేపటి విమానానికి వస్తున్నారు, ఆయనకిస్తున్నాను.

వాళ్ళు ఎక్కడికీ వెళ్ళడం లేదు.

మంగళవారం డ్యూటీ నుంచి వచ్చేసరికి కింద కార్గో లారీ ఆగి ఉంది. ఇద్దరు మనుషులు పెట్టెని మెట్లమీదుగా దించుతున్నారు. నేను గబగబా పైకి వెళ్ళాను, వీడ్కోలు చెప్పాలని. మారిసెల్ పెట్టె ఉన్న చోట చీపురుతో ఊడుస్తోంది. ఊడ్చి, గోడకి ఆనించి ఉన్న ఇంకో అట్టపెట్టె తెచ్చి, విప్పి, అడుగున టేపు వేసి అక్కడే పెట్టింది. అందులో ఒక సబ్బు వేసింది. మీ ప్రయాణం ఎప్పుడు అని అడిగాను. ఏ ప్రయాణం అంది.

వాళ్ళ దగ్గర అది పద్ధతట అక్కా. నెలల తరబడి కొంచెం కొంచెం నింపుతారట. అక్టోబరులో ఓడకి పంపితే క్రిస్మస్ నాటికి ఇంటికి చేరుతుందట. పెట్టె వెళ్తుంది, మనుషులు ఇక్కడే ఉంటారు. మనవాళ్ళు పెట్టె కట్టారంటే మనిషి దానితోపాటు విమానం ఎక్కడమే కదా. ఇన్నేళ్ళలో నేను చూసింది అదే. ఆ స్టారు కూడా అంతే. వాళ్ళకి సెప్టెంబరు వస్తే క్రిస్మస్ మొదలైనట్టేనట. రొడెల్‌కి ఈ నెల ఒకటో తారీఖునే ఇంకో హోటల్లో పని దొరికింది. నేను తప్ప బిల్డింగులో అందరికీ తెలుసు.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాడు హారిస్ వాళ్ళ తలుపు కొట్టి, నెలాఖరుకి గది ఖాళీ చేయండి, నర్సుకి మాటిచ్చాను అన్నాడట. నేను ఖాళీ అయితే ఇవ్వమన్నాను. ఆయన ఖాళీ చేయించి ఇస్తానని అర్థం చేసుకున్నాడు. మారిసెల్ నా గది ముందుకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "మేము ఏం తప్పు చేశాం మేడమ్? మా పాపకి ఇప్పుడిప్పుడే స్కూల్లో స్నేహితులు దొరికారు" అంది. ఆతె అనలేదు అక్కా. మేడమ్ అంది. ఆ భోజనం ఎందుకు పెట్టానో, ఆ దుప్పటి ఎందుకిచ్చానో ఆమెకి అప్పుడు అర్థమైంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

వెంటనే హారిస్ దగ్గరికి వెళ్ళి నాకు గది వద్దని, వాళ్ళని కదపొద్దని చెప్పి వచ్చాను. మీ మరిదిగారిని నిద్రలేపి సాక్ష్యానికి తీసుకెళ్ళాను. హారిస్ ఖలాస్, ఇక అయిపోయింది పొమ్మన్నాడు. మారిసెల్‌కి జరిగిందంతా చెప్పాను. అయినా ఆ రాత్రి ఎండు చేపలు తను వేరే వేయించుకుంది, వేరే గుడ్డ పెట్టుకుంది.

నిన్న నేనే వాళ్ళ తలుపు కొట్టి నీ ప్రశ్న అడిగాను. ఆల్తియాని పెంచిన ఆ పెద్దావిడ ఏమంటోంది అని. మారిసెల్ నన్ను లోపలికి పిలిచి కూర్చోమంది. ఆ పెద్దావిడకి డెబ్బై ఏళ్ళట. పిల్ల వచ్చేశాక ఫోన్లోకి రావడం మానేసిందట. గొంతు వింటే ఏడుపొస్తుందని పక్కింటి వాళ్ళకి ఇచ్చేస్తుందట. ఏం కావాలి అని అడిగితే ఏమీ వద్దంటుందట. మరీ మరీ అడిగితే కాగితం మీద తన పాదం గీసి పంపింది, చెప్పుల కోసం. వాళ్ళు కొలతకి అలా గీసి పంపుకుంటారు. పెట్టె మూసే రోజు ఆల్తియా ఎవరూ చెప్పకుండానే తన పాదం కూడా ఒక కాగితం మీద గీసి, ఆ కొత్త చెప్పుల మధ్య పెట్టిందట. ఎందుకు అంటే, "నేను ఎంత పెరిగానో అమ్మమ్మకి తెలియాలి కదా" అందట. మన దుప్పటి కూడా ఆ పెద్దావిడకేనట. వెళ్ళేటప్పుడు మారిసెల్ నన్ను ఆతె అంది.

ఇక నీ ప్రశ్న. ఒక గదిలో ముగ్గురు ఎందుకు ఉండలేరు అన్నావు. ఉండగలం అక్కా. మీ మరిదిగారు బేకరీలో మైదా మూటల మీద కూడా నిద్రపోగలడు. నాకే భయం. అది వచ్చి, ఇదే గదిలో, నాకు అటు తిరిగి పడుకుని నీకోసం ఏడిస్తే ఏం చేయాలో నాకు తెలియదు. దాని పన్ను సంగతి నాకు తెలియదు, ఇష్టమైన రంగు తెలియదు. గది లేదని చెప్పుకుంటే ఆ భయం బయటపడకుండా ఉండేది.

ఇప్పుడు టీసీ ఏం చేయాలో నువ్వే చెప్పు. తిరిగి ఇచ్చేస్తే చేర్చుకుంటారా? హెడ్మాస్టరుగారి కాళ్ళైనా పట్టుకో. తప్పు నాది, పిల్ల చదువు పాడు కాకూడదు.

కెజియా


రాజోలు,
24 అక్టోబరు, శుక్రవారం

కెజియాకి,

దీవెనలు. తిట్టమన్నావు. తిట్టడానికి కూర్చున్నాను, కుదరలేదు. ముందు నా సంగతి చెప్పుకోవాలి.

టీసీ తీసుకున్నానని రాశాను కదా. తీసుకోలేదు. హెడ్మాస్టరు అన్నాడని రాసినవన్నీ ఆయన అన్నవే. ఆయన ఫారం కూడా ఇచ్చాడు. పేరు, తరగతి, పుట్టిన తేదీ అన్నీ నింపాను. కింద ఒక గడి ఉంటుంది, బడి మానడానికి కారణం అని. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఇంట్లో రాసి తెస్తానని చెప్పి, మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. పదిహేను రోజులకి పైగా ఆ కాగితం బియ్యం డబ్బాలో నీ ఉత్తరాల కింద ఉంది. నీకు మాత్రం తీసుకున్నానని రాశాను. ఆదివారం బడిలో పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పేదాన్ని నేనే.

నువ్వు వాళ్ళు వెళ్ళడం లేదు అని రాసిన లైను చదివి సంతోషపడ్డాను. అది కూడా దాచను. హమ్మయ్య, పిల్ల నా దగ్గరే ఉంటుంది అనుకుని స్టవ్ మీద టీ పెట్టుకున్నాను. మిగతాది టీ తాగుతూ చదివాను. ఆ పెద్దావిడ ఫోన్లోకి రావడం మానేసిందన్న చోట ఆగిపోయాను. తర్వాత ఆ పిల్ల పాదం సంగతి. ఆ తర్వాత నీ భయం సంగతి. టీ చల్లారిపోయింది.

అమ్మ పోయాక మనిద్దరం ఆ ఒంటిగది పోర్షన్‌లో ఎలా ఉన్నామో మర్చిపోయావా? ఒక కుట్టు మిషను, ఒక మంచం, నువ్వూ నేనూ. నువ్వు అటు తిరిగి అమ్మ కోసం ఏడ్చేదానివి. నాకు ఇరవై ఒకటి, ఏం చేయాలో నాకేం తెలుసు? ఏమీ చేయలేదు. పక్కన ఉన్నాను. కొన్నాళ్ళకి నువ్వే ఇటు తిరిగావు.

అందుకని ఈ పొద్దున స్కూలుకి వెళ్ళి ఫారం ఇచ్చేశాను. కారణం అనే గడిలో 'తల్లి దగ్గరకు వెళ్ళుచున్నది' అని రాశాను. హెడ్మాస్టరు చదివి సంతకం పెట్టాడు. ఈసారి టీసీ నిజంగానే పెట్టెలో ఉంది. నమ్మకపోతే నిస్సీని అడుగు, దాని చేతే లోపల పెట్టించాను.

ఇవి గుర్తు పెట్టుకో. అది పడుకునేటప్పుడు పక్కనున్నవాళ్ళ చెవి తమ్మె పట్టుకుంటుంది. కమ్మలు తీసేసి పడుకో. తలస్నానం రోజు కుంకుడు కాయ అంటే ఏడుస్తుంది, షాంపూ అయితే ఊరుకుంటుంది. నేను షాంపూ అలవాటు చేయలేదు, నువ్వు చేసుకో. జ్వరం వస్తే చెప్పదు, మాట్లాడటం తగ్గిస్తుంది. పెరుగన్నంలో నిమ్మకాయ పచ్చడి. ఇంకా చాలా ఉన్నాయి గానీ అన్నీ రాస్తే నువ్వు తెలుసుకోవడానికి ఏమీ మిగలదు.

మారిసెల్‌ని జాగ్రత్తగా చూసుకో. ఆవిడ ఆ గది మాట మనసులో పెట్టుకోకుండా ఉండటం గొప్ప సంగతి.

నాకు పెట్టెలూ అవీ పంపకు. సబ్బులు రాజోల్లో దొరుకుతాయి.

మార్త


సాల్మియా,
9 జనవరి 2026, శుక్రవారం

ప్రియమైన అక్కకి,

వందనాలు. నిస్సీ రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉంది కాబట్టి కులాసా సంగతులన్నీ నీకు తెలుసు. నువ్వు ఫోన్ పక్కింటివాళ్ళకి ఇచ్చేయకుండా నువ్వే ఎత్తుతున్నావు. అందుకు నేను రోజూ ప్రార్థనలో దేవుడికి చెప్పుకుంటున్నాను.

అది ఫోన్లో చెప్పనివి రాస్తాను. ఇక్కడికి వచ్చిన మొదటి రోజు పడుకునేటప్పుడు నా చెవి పట్టుకుంది. రెండు నిమిషాలు పట్టుకుని, నీది కాదని తెలిసి వదిలేసింది. అటు తిరిగి ఏడ్చింది. నువ్వు చెప్పినట్టు నేనేమీ చేయలేదు, పక్కన ఉన్నాను. రెండో రోజూ అంతే. నాలుగో రోజు మళ్ళీ పట్టుకుంది. కమ్మలు డబ్బాలో పెట్టేశాను, ఇక తీయను.

మంచం మీద ఆకుపచ్చ దుప్పటి వేశాను. మీ మరిదిగారు తన మంచం చుట్టూ పరదా కట్టుకున్నారు. పిల్ల అల్లరికి లేవడం లేదు, డ్యూటీ నుంచి వచ్చి ఆయన పెట్టే గురకకే పొద్దున్నే అది లేస్తోంది. స్కూల్లో ఏప్రిల్‌లోనే చేర్చుకుంటారట. అప్పటిదాకా సాయంత్రాలు ఆల్తియా తన పుస్తకాలు తెచ్చి దీనికి చెబుతోంది. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారో నాకూ మారిసెల్‌కీ అర్థం కాదు. ఈ పొద్దున నలుగురం సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. నిస్సీ నీళ్ళలో కాళ్ళు పెట్టి, మన అంతర్వేదిలో కంటే ఉప్పగా ఉంటాయా అని నోట్లో పోసుకుని చూసింది. మారిసెల్ వాళ్ళ పెట్టె చేరింది. చెప్పులు పెద్దావిడకి సరిపోయాయట. పిల్ల పాదం కాగితాన్ని గోడకి అంటించుకుందట. పోయిన ఆదివారం మొదటిసారి తనే ఫోన్ ఎత్తిందట.

పెట్టె పంపొద్దన్నావు. నేను పంపలేదు. నిస్సీయే హాల్లో వాళ్ళ పెట్టె పక్కన ఒక చిన్న పెట్టె పెట్టింది. బిస్కెట్లు వచ్చిన పెట్టె అది. అందులో ఇప్పటికి ఒక షాంపూ సీసా ఉంది, ఊడిన రెండో పన్ను ఉంది. ఎప్పుడు నిండుతుందో నేను చెప్పలేను. అది నిండేదాకా నన్ను ముట్టుకోవద్దంది.

ఈ ఉత్తరంతో ఒక కాగితం పంపుతున్నాను. నిన్న నిస్సీ తన పాదం గీసి, పైన 'దొడ్డమ్మకి' అని రాసి నాకిచ్చింది. కవరులో పెడుతుంటే ఆపి, నా చెప్పు విప్పమంది. "నీది కూడా గియ్యాలి మమ్మీ. నిన్ను కూడా దొడ్డమ్మే కదా పెంచింది. నువ్వెంత పెరిగావో తెలియొద్దా?" అంది.

గీయించుకున్నాను. పెద్ద పాదం నాది.

కెజియా